ఒకే ఫోన్ నంబరు మీద ఊరంతటి పింఛన్ దరఖాస్తులు: నాలెడ్జ్ గ్రాఫ్‌లో దీన్ని ఎలా రాయాలి?

వరంగల్_ఎంటెక్:
అన్నలూ అక్కలూ, పింఛన్ దరఖాస్తుల్లో మోసాలు పట్టుకునే ఆంటాలజీ ఒకటి ప్రాజెక్టు కోసం రాస్తున్నా, అంటే నాలెడ్జ్ గ్రాఫ్‌లో (సమాచారాన్ని సంబంధాల వలలా దాచేది) ఏయే రకాలుండాలి, వాటి మధ్య ఏ సంబంధాలుండాలి అని చెప్పే నమూనా. డేటా అసలుది కాదు, నేనే తయారుచేసుకున్నా. దరఖాస్తుదారు, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఫోన్, వాహనం అని క్లాసులు (రకాలు) పెట్టా. ఒక నంబరు ఒక్కరిదే కాబట్టి ఆ సంబంధాన్ని ఇన్‌వర్స్ ఫంక్షనల్ (ఒక నంబరుకు ఒక్క మనిషే) అన్నా. రీజనర్ (రాసిన నియమాల నుంచి కొత్త సంగతులు తేల్చే ప్రోగ్రాం) ఎర్రర్ చూపిస్తుందనుకుంటే, ఎర్రర్ లేదు సరికదా, ఆ నంబరున్న వాళ్లందరినీ ఒకే మనిషిగా కలిపేసింది. ఇప్పుడు నా గ్రాఫ్‌లో సగం ఊరు ఒక్క ముసలమ్మే! గైడ్‌గారేమో "ఫ్రాడ్ రింగ్ (మోసగాళ్ల ముఠా) దొరికిందిగా, రాసెయ్" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు.

గ్రాఫ్_పిచ్చోడు:
రీజనర్ నువ్వు చెప్పిందే చేసింది తమ్ముడూ. ఆంటాలజీలు రాసే భాష ఓడబ్ల్యూఎల్‌లో పేర్లు రెండున్నంత మాత్రాన మనుషులు ఇద్దరని కాదు. వేరని నువ్వు రాయనంతవరకు ఒక్కరే కావచ్చనుకుంటుంది. ఆదాయం రాయకపోతే కూడా అంతే, ఆదాయం లేదని కాదు, తెలియదని. తనిఖీకి షాకల్ వాడు, డేటా నియమాల ప్రకారం ఉందో లేదో చూసే భాష అది. ఉన్న డేటాను ఉన్నట్టు చూసి "ఈ ఖాతాలో ముగ్గురి పింఛన్ పడుతోంది" అని చెప్పి ఊరుకుంటుంది, ఎవర్నీ కలపదు.

ఇంకో మాట. రెండు రికార్డుల మధ్య సేమ్‌యాజ్ (ఇవి రెండూ ఒకటే అనే లింకు) మాత్రం రాయకు. అది అంటువ్యాధి. ఒక్క లింకు తప్పితే ఎవరి కారో వచ్చి నీ పేరు మీద పడుతుంది. ఊరికే అనట్లేదు. తెలంగాణలో సమగ్ర వేదిక అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ చేసే ముఖ్యమైన పనే ఇది, వేర్వేరు శాఖల రికార్డుల్లో ఉన్నది ఒకే మనిషా కాదా తేల్చడం. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరు కారున్న ఇంకొకరి పేరుతో కలిసిపోయి, ఆ ఇంటికి రేషన్ కార్డు లేకుండా పోయింది. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో రద్దయిన కార్డులు 18 లక్షల పైమాటే. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఇళ్లకు వెళ్లి మళ్లీ చూడమంది.

అందుకే "పోలిక" అని ఒక క్లాసు పెట్టు. ఏ రెండు రికార్డులు, దేని ఆధారంగా కలిశాయి, ఏ శాఖ డేటా, ఏ తేదీది, ఎవరైనా వెళ్లి చూశారా, అన్నీ దానికే తగిలించు. రేపు ఎవరైనా "నా కార్డెందుకు తీసేశారు" అని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలిగా.

పాత_మీసేవ:
బాబూ, నేను మీసేవ సెంటర్లో చాలా ఏళ్లు కూర్చున్నా. ఫారంలో మొబైల్ నంబరు నింపకపోతే ముందుకు కదలదు. ఎదురుగా ఉన్న అవ్వకు ఫోనే లేదు. ఎవరి నంబరు కొడతాం? మాదే. లేదంటే ఆమెను బండి మీద తీసుకొచ్చిన మనవడిది. నీ ఫ్రాడ్ రింగ్‌లో నడిమధ్య కూర్చున్నది నేనే కావచ్చు! పింఛన్ రోజున ఊరంతా ఒకే మిషన్ దగ్గర వేలు పెడుతుంది, దాన్నీ అనుమానించకు.

దొంగ నంబర్లు మారుస్తాడు, సిమ్ముకేం కరువు. డబ్బు మాత్రం ఎక్కడో ఒకచోట దిగాలి, ఖాతా దగ్గర గట్టిగా చూడు. మనిషి పోయాక కూడా వేలిముద్ర పడిందేమో చూడు. అయితే పోయిన తేదీ వేరు, నమోదైన తేదీ వేరు. మా దగ్గర దినాలైపోయాక, బ్యాంకువాళ్లు సర్టిఫికెట్ అడిగితే తప్ప నమోదుకు రారు. రెండూ విడివిడిగా పెట్టుకో.

వరంగల్_ఎంటెక్:
ఈ తేదీల సంగతి తట్టనే లేదు, థాంక్స్ అండీ. మరి ఆ నంబరు అవ్వదా, ఆపరేటర్‌దా అని రికార్డులో ఉండదు కదా, గ్రాఫ్‌కి ఎలా తెలుస్తుంది?

గ్రాఫ్_పిచ్చోడు:
తెలియదు. తెలిసినట్టు రాయకు కూడా. "ఫోన్ ఉంది" అనే సంబంధం తీసేసి "దరఖాస్తులో ఇచ్చిన నంబరు" అని పెట్టు, దాన్ని మనిషికి కాకుండా దరఖాస్తుకు కలుపు. ఏ సెంటర్ నుంచి వచ్చిందో దరఖాస్తులోనే ఉంటుంది. నంబరూ ఒకటే, సెంటరూ ఒకటే అయితే పెద్దాయన చెప్పిందే జరిగి ఉంటుంది, తనిఖీ చేయాల్సిన వరుసలో చివరికి నెట్టు. అదే నంబరు నాలుగు మండలాల సెంటర్ల నుంచి వస్తోందా, పైకి తీసుకురా. అప్పుడు కూడా ముందు ఆ నంబరుకి ఫోన్ కొట్టాలి. పింఛన్ ఆపే రూలు మాత్రం గ్రాఫ్‌లో ఎక్కడా పెట్టకు, గైడ్‌గారు అడిగినా సరే.