ఈ వారం సమస్య: “చచ్చినట్టివాఁడె జనకుఁడయ్యె”

నిర్వాహకుడు (నెల్లూరు): ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, అర్థం కుదిరేలా మిగతా మూడూ మీరు రాయాలి. చ–జ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం రావడం) కుదిరింది కాబట్టి పాదం జోలికి పోవద్దు. చరిత్ర పురుషుల మీద, వీలైతే మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాలవారి మీద పూరించండి.

చీరాల నుంచి:

కంటి మంటలోనఁ గాలిన మారుఁడే
మరల వచ్చి పుట్టె మాధవునకు
అతని కొడుకు కాదె యనిరుద్ధుఁ డనువాఁడు
చచ్చినట్టివాఁడె జనకుఁడయ్యె

నిర్వాహకుడు: మన్మథుడు ప్రద్యుమ్నుడై పుట్టి అనిరుద్ధుడికి తండ్రి కావడం! చిక్కుముడి చక్కగా విప్పారు. కానీ నేను అడిగింది చరిత్ర, మీరు పురాణంలోకి దూకారు.

అద్దంకి నుంచి:

మిథిల యేలు రాజు మిన్నగా ముక్తుఁడై
కోట కాలుచున్నఁ గుందలేదు
నేను నాది యనెడి నీచపుటహమెల్ల
చచ్చినట్టివాఁడె జనకుఁడయ్యె

ఒంగోలు మాస్టారు: జనకుణ్ణి పేరుగా తీసుకోవడం భలే ఉంది. ‘నీచపు’ మాత్రం యతి కోసం తెచ్చిపెట్టుకున్న మాట.

అద్దంకి: దొరికిపోయాను మాస్టారూ.

కావలి నుంచి: నాది మొదటి ప్రయత్నం, టెన్షన్‌గా ఉంది. పొట్టి శ్రీరాములు గారి మీద:

అన్నమంటకుండ నరువది దినములు
తెలుఁగుజాతి కొఱకు దేహ మిచ్చి
పిచ్చివాఁడటంచుఁ బిలిచిన నెల్లూరఁ
జచ్చినట్టివాఁడె జనకుఁడయ్యె

ఒంగోలు మాస్టారు: గణాలు, యతులు సరిపోయాయి. తప్పులు చరిత్రలో ఉన్నాయి. ఆయన దీక్ష 1952 అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15 రాత్రి ప్రాణంతో పాటు ముగిసింది. వేళ్ల మీద లెక్కపెట్టండి, 58 రోజులు. పద్యం కోసం ఆయన్ని ఇంకో రెండు రోజులు పస్తు పెట్టకండి. రెండోది, ‘నెల్లూరఁ జచ్చినట్టివాఁడె’ అంటే నెల్లూరులో పోయాడనే అర్థం వస్తుంది. ఆయన పోయింది మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. పైగా సరళాదేశం చేసి (‘చ’ను ‘జ’గా మార్చి) ఇచ్చిన పాదంలో మొదటి అక్షరమే మార్చేశారు.

నిర్వాహకుడు: మూడో పాదం మాత్రం మా ఊరిని సూటిగా తాకింది. 1946లో మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేశారు. ఆ తర్వాత కూడా చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, నినాదాల అట్ట మెడలో వేసుకుని ఎండలో తిరుగుతుంటే పిచ్చోడన్నది ఈ ఊరి జనమే.

కనిగిరి అక్కయ్య: ఆయన పుట్టింది మద్రాసులోనే అయినా పూర్వీకులది మా వైపు పడమటిపల్లె. అమరజీవి అని పిలుచుకునే మనిషిని ‘చచ్చినట్టివాఁడె’ అంటే నాకు మింగుడుపడలేదు తమ్ముడూ.

కావలి: పాదం నాది కాదక్కా, ఇచ్చిందే అది.

ఒంగోలు మాస్టారు: అమ్మా, నాకైతే ఆ మోటుమాటే సరైనదనిపిస్తోంది. పిచ్చోడన్న నోళ్లు పోయినప్పుడు మాత్రం ‘పరమపదించారు’ అంటాయా? ఇక జనకుడు అన్న మాట చూడండి. భార్య, పసిబిడ్డ పోయాక రైల్వే ఉద్యోగం వదిలి గాంధీజీ సబర్మతి ఆశ్రమం చేరిన మనిషాయన. సొంత బిడ్డ దక్కని మనిషి పోయిన నాలుగో రోజు, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న అది పుట్టింది. తొలి ముఖ్యమంత్రి మా ప్రకాశం పంతులు గారే లెండి.

నిర్వాహకుడు: సందు దొరికితే ప్రకాశం గారిని తెచ్చేస్తారు! మేమూ 2008లో జిల్లాకు శ్రీరాములు గారి పేరు పెట్టుకున్నాం.

కనిగిరి అక్కయ్య: పిచ్చోడని పిలిచినవాళ్లకే తండ్రి అయ్యాడని వచ్చేట్టు దిద్దితే నాకూ అభ్యంతరం లేదు.

కావలి: అందరి మాటా విన్నాను. తిండిలో ‘తి’కి యేఁబదెనిమిదిలో ‘దె’ యతి కుదిరేసరికి గంట పట్టింది.

తిండి లేక యేఁబదెనిమిది నాళ్లుండి
తెలుఁగుజాతి కొఱకు దేహ మిచ్చి
పిచ్చివాఁడటంచుఁ బిలిచిన యూరికే
చచ్చినట్టివాఁడె జనకుఁడయ్యె

ఒంగోలు మాస్టారు: ‘యూరికే’ బాగుంది. అయితే ‘ఊరికే చచ్చినట్టివాఁడె’ అని విడగొట్టి చదివే కొంటెవాళ్లుంటారు, జాగ్రత్త.

కావలి: మొదట అలా చదివింది మీరే కదా మాస్టారూ!