ఫోటో చూసి ఐరిష్ ఊరు చెప్పాలంటే ఏం చూడాలి? (లిమరిక్ చెల్లెలి ప్రశ్న, జవాబులు)

లిమరిక్ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈమధ్యే నర్సుగా లిమరిక్ వచ్చాను. మా వార్డులో శుక్రవారం టీ టైమ్‌కి ఒక ఆట ఆడతారు. ఎవరో ఒకరు ఫోన్‌లో ఒక ఐరిష్ పల్లెటూరి ఫోటో చూపిస్తారు, మిగతావాళ్ళు ఊరి పేరు చెప్పాలి. చెప్పాక ఆ పేరుకి అర్థం కూడా అడుగుతారు. నన్నూ ప్రేమగా కూర్చోబెట్టుకుంటారు కానీ నాకు అన్ని ఊళ్ళూ ఒకేలా కనిపిస్తున్నాయి. రంగురంగుల ఇళ్ళు, ఒక చర్చి, ఒక పబ్. పేర్లు చూస్తే సగం బాలీలు, సగం కిల్లులు. త్వరలో కారు కూడా తీసుకుంటాను, అప్పుడు దారులైనా తెలియాలి కదా. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గాల్వే నుంచి జవాబు:

చెల్లీ, మంచి ఆట దొరికింది, వదలకు. వాన గురించి ఎంత మాట్లాడినా రాని చనువు, వాళ్ళ ఊరి పేరుకి అర్థం ఏంటని అడిగితే ఇట్టే వచ్చేస్తుంది ఇక్కడ.

ముందు ఫోటో సంగతి. ఇళ్ళ రంగులు నమ్ముకోవద్దు. కిన్సేల్, క్లొనకిల్టీ, డింగిల్, స్నీమ్, అన్నిటికీ ఆ రంగులే. నువ్వు చూడాల్సింది రోడ్డు. ఊరి బయట రోడ్డు అంచున పసుపు గీత ఉంటే రిపబ్లిక్ (మనముండే స్వతంత్ర ఐర్లాండ్), తెల్ల గీత ఉంటే నార్తర్న్ ఐర్లాండ్ (బ్రిటన్‌తో ఉన్న భాగం). హెచ్చరిక బోర్డు పసుపు రంగు డైమండ్ అయితే ఇటు, ఎర్ర అంచు త్రికోణం అయితే అటు. పోస్ట్ డబ్బా పచ్చగా ఉంటే ఇటు, ఎర్రగా ఉంటే అటు. పచ్చ డబ్బాల్లో పాతవాటిని దగ్గరగా చూస్తే విక్టోరియా రాణిదో, ఎడ్వర్డ్ రాజుదో గుర్తు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. స్వతంత్రం వచ్చాక డబ్బాలు పీకేయలేదు, పచ్చ రంగు వేసి అలాగే వాడుకున్నారు.

తర్వాత కార్ల నంబర్ ప్లేట్లు. సంవత్సరం అంకెల పక్కన జిల్లా అక్షరాలుంటాయి. జీ అంటే గాల్వే, కేవై అంటే కెర్రీ, సీఈ అంటే క్లేర్, ఎంఓ అంటే మేయో, డీఎల్ అంటే డోనెగల్. ఒక్క కారుని చూసి తేల్చేయకు, అది మొదట ఎక్కడ రిజిస్టర్ అయిందో మాత్రమే చెబుతుంది. డబ్లిన్ డీ ప్లేట్ ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. వీధిలో ఆగిన కార్లలో ఎక్కువ కేవై ఉంటే అప్పుడు కెర్రీ అను. ఎండాకాలం ఫోటో అయితే ఇంకా సులువు. హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ పోటీల సీజన్‌లో స్తంభాలకీ కిటికీలకీ జిల్లా జెండాలు కడతారు. మీ లిమరిక్‌వి పచ్చ, తెలుపు. కిల్కెన్నీవి నలుపు, పసుపు చారలు. మేయోవి పచ్చ, ఎరుపు. క్లేర్‌వి కాషాయం, నీలం. కెర్రీ, డోనెగల్ రెండిటివీ పచ్చ, బంగారు రంగులే కాబట్టి అక్కడ వెనకాల కొండని కూడా చూడాలి.

షాపుల మీద ఇంటిపేర్లు చదువు. గాలహర్, బాయిల్ కనిపిస్తే డోనెగల్ వైపు, మెక్‌నమారా అయితే క్లేర్, జాయిస్ అయితే కొనెమరా (గాల్వే జిల్లా పడమటి భాగం) వైపు మొగ్గు. పబ్ బోర్డు చాలాసార్లు చర్చి కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక పేర్లు. ఇంగ్లీష్ స్పెల్లింగ్ పట్టుకుని అర్థం కోసం వెతికితే ఏమీ దొరకదు. 1824లో మొదలైన ఆర్డ్నెన్స్ సర్వే దేశం మొత్తాన్నీ మైలుకి ఆరు అంగుళాల లెక్కన మ్యాపుల్లోకి ఎక్కించింది. అప్పుడే ఐరిష్ పేర్లని ఇంగ్లీష్ చెవికి ఎలా వినిపిస్తే అలా, కాస్త సరిచేసి ఖాయం చేశారు. 1830లో ఆ పనిలో చేరిన జాన్ ఓ'డోనవన్ అనే పండితుడు జిల్లాలు తిరిగి, స్థానికుల నోట పేరు విని, పాత రాతప్రతులతో పోల్చి, అసలు ఐరిష్ రూపం రాసిపెట్టాడు. ఈ రోజు మనకి ఇన్ని పేర్ల అర్థాలు తెలుస్తున్నాయంటే చాలావరకు ఆయన చలవే. మన దేశానికీ ఇందులో ఒక సంబంధం ఉంది. 1829లో జార్జ్ ఎవరెస్ట్ ఇక్కడికి వచ్చి ఈ సర్వే పని చూశాడు. ఇక్కడ వాడిన కొలత కడ్డీల పద్ధతినే ఇండియా సర్వేకి తీసుకెళ్ళాడు.

కాబట్టి బోర్డులో ఎప్పుడూ పై వరుస చూడు. వాలు అక్షరాల్లో ఉన్నది ఐరిష్, కింద పెద్ద అక్షరాల్లో ఉన్నది ఇంగ్లీష్. బాలీ అంటే ఎక్కువగా 'బాలియ', అంటే ఊరు. మనవాళ్ళు చాలామంది బాలీ వినగానే మన పల్లి అనుకుంటారు. చెవికి దగ్గరే కానీ రెండిటికీ చుట్టరికం లేదు. పైగా ప్రతి బాలీ ఊరు కాదు. బాలినస్లో బోర్డు పై వరుసలో ఉండేది 'బేల్ ఆహ', అంటే రేవు (నదిని నడిచి దాటే చోటు) ముఖద్వారం. జనం గుమిగూడే రేవు అని ఆ పేరుకి అర్థం. బాలిషానన్, బాలినా కూడా ఆ కోవలోవే. కిల్ కూడా అంతే. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు దగ్గరి చర్చి, కిల్కెన్నీ అంటే సెయింట్ కెనిస్ చర్చి. కానీ అడవికి కూడా ఐరిష్‌లో దాదాపు అలాగే వినిపించే మాట ఉంది. కైల్మోర్‌లో ఉన్నది ఆ అడవే, 'పెద్ద అడవి'. క్లాన్ అంటే పచ్చిక బయలు, క్లాన్మెల్ అంటే తేనె బయలు. అదే ధైర్యంతో క్లొనకిల్టీకి వెళితే అక్కడ బయలు లేదు, 'క్లొఖ్' ఉంది, అంటే రాయి. క్యారిక్ అంటే బండ, కానీ క్యారిక్ ఆన్ షానన్‌లో ఉన్నది బండ కాదు, నదికి కట్టిన అడ్డుకట్ట. ఎన్నిస్కెర్రీలో 'ఇనిష్' (దీవి) లేదు, రాళ్ళ రేవు ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు మా జిల్లాలోని రౌండ్‌స్టోన్. చూడ్డానికి అచ్చ ఇంగ్లీష్, గుండ్రటి రాయి. పై వరుస చదివితే 'క్లొఖ్ న రోన్', సీల్ చేపలంటామే, ఆ జంతువుల రాయి. క్లొఖ్‌ని స్టోన్ అని సరిగ్గానే మార్చారు, 'రోన్' మాత్రం రౌండ్‌లా వినిపించి రౌండ్ అయిపోయింది. సీల్‌లు పోయి గుండ్రం మిగిలింది. 1820లలో అలెగ్జాండర్ నిమ్మో అనే స్కాటిష్ ఇంజనీరు కట్టించిన చిన్న హార్బర్ అది. ఫోటోలో పట్టుకోవడం కూడా తేలికే. రాతి గోడల హార్బర్‌లో చేపల పడవలు, వాలు మీద ఒకే వరుస ఇళ్ళు, వెనక ఎరిస్‌బెగ్ కొండ ఒంటరిగా. కెమెరా నీళ్ళ వైపు తిరిగితే దూరంగా ట్వెల్వ్ బెన్స్ కొండలు వరసగా కనిపిస్తాయి.

లీక్స్‌లిప్ నుంచి జవాబు:

అన్న చెప్పినదానికి చిన్న చేర్పు. అన్ని పేర్లూ ఐరిష్ నుంచి రాలేదు, తూర్పు తీరంలో వైకింగుల పేర్లు చాలా ఉన్నాయి. మన ఐటీ వాళ్ళకి ఇంటెల్ వల్ల తెలిసిన లీక్స్‌లిప్ అలాంటిదే. నార్స్ భాషలో సాల్మన్ దూకే చోటు. బోర్డు పై వరుసలోని ఐరిష్ కూడా అదే అర్థం, ఇక్కడ ఐరిష్ వాళ్ళే అనువాదం చేసుకున్నారు. లిఫీ నది మీద సాల్మన్ ఎగిరి దూకిన ఆ జలపాతం తర్వాత డ్యామ్ నీళ్ళలో మునిగిపోయింది.

పలకడం కూడా నేర్చుకో చెల్లీ, పేషెంట్ల అడ్రస్ చదివేటప్పుడు టెన్షన్ ఉండదు. స్పెల్లింగ్ చూసి డన్ లావోఘైర్ అనకు, డన్ లీరి. కోబ్ కాదు, కోవ్. యౌఘాల్ కాదు, యాల్. టల్లాఘ్ట్ కాదు, టాలా. పల్లెల్లో చాలా ఇళ్ళకి నంబరే ఉండదు. ఇంటిపేరు, టౌన్‌ల్యాండ్, దగ్గరి ఊరు, జిల్లా, అంతే అడ్రస్. టౌన్‌ల్యాండ్ అంటే ఊరి కంటే చిన్న భూభాగం, ఐర్లాండ్ దీవి మొత్తంలో 60 వేలకు పైగా ఉన్నాయి, ప్రతిదానికీ పేరుంది. ఎయిర్‌కోడ్ (ఇక్కడి పిన్ కోడ్) 2015లోనే వచ్చింది. అందుకే పెద్దవాళ్ళు కోడ్ చెప్పరు, టౌన్‌ల్యాండ్ చెబుతారు. నువ్వు ఆ పేరు సరిగ్గా పలికితే వాళ్ళ ముఖం ఎలా వెలుగుతుందో చూస్తావు. ప్రభుత్వ డేటాబేస్ లొగానిమ్ డాట్ ఐఈలో ఐరిష్ రూపం దొరుకుతుంది, చాలా పేర్లకి ఉచ్చారణ కూడా వినొచ్చు.

ట్రలీ నుంచి జవాబు:

కారు తీసుకున్నాక మా కెర్రీ వస్తావు కాబట్టి ఒక్క మాట. గేల్టఖ్ట్ అనే ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో బోర్డుల మీద ఐరిష్ మాత్రమే ఉంటుంది, కింది వరుస ఉండదు. డింగిల్ అని వెతుక్కుంటూ పోతే 'డాంగన్' అనే ఐరిష్ పేరే కనిపించవచ్చు. 2005లో ప్రభుత్వం ఇంగ్లీష్ పేరుకి అధికార హోదా తీసేస్తే ఊరివాళ్ళు ఊరుకోలేదు, మరుసటి ఏడాది ఓటింగ్ పెట్టుకుని రెండు పేర్లూ కావాలన్నారు. బయల్దేరే ముందు వెళ్ళే ఊరి ఐరిష్ పేరు ఒక కాగితం మీద రాసుకో అక్కా, కొండల మధ్య ఫోన్ సిగ్నల్ పోయినప్పుడు అదే పనికొస్తుంది.

లిమరిక్ నుంచి:

అన్నా, అక్కా, తమ్ముడూ, అందరికీ చాలా థ్యాంక్స్. ఈ శుక్రవారం ఫోటో ఇది: కొండ కింద రంగు రంగుల ఇళ్ళ వరుస, జెండాలు లేవు, కార్లు సీ ప్లేట్లు. పైన బోడి కొండ మీద పైకప్పు లేని పొడవాటి రాతి కట్టడం, పక్కనే పొగగొట్టం. కోట అంటే కాదన్నారు. సోమవారం దాకా టైమ్ ఇచ్చారు.

కార్క్ నుంచి జవాబు:

సీ ప్లేట్లు అంటే మా కార్క్. ఆ రాతి కట్టడం రాగి గనుల ఇంజన్ హౌస్ (ఆవిరి యంత్రం ఉండే కట్టడం), కాబట్టి ఊరు బేరా ద్వీపకల్పం చివరనున్న ఆలిహీస్. 1812లో జాన్ పక్స్‌లీ గనులు మొదలుపెట్టాడు. ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళని రప్పించారు, ఆ ఇంజన్ హౌసులు కూడా కార్న్‌వాల్ తరహావే. గనులు పడిపోయాక ఇక్కడివాళ్ళు ఎందరో అమెరికాలోని మోంటానా రాగి గనులకి వలస పోయారు. ఊరి ఐరిష్ పేరు 'న హాలిహీ'. కొండచరియల మీది పొలాలని అర్థం చెబుతారు. ఫోటోలో ఇళ్ళకీ కొండకీ మధ్య చూడు, రాళ్ళ మధ్యలో పచ్చటి ముక్కలు కనిపిస్తాయి.

వచ్చే శుక్రవారం నీ వంతు అయితే దూరం పోనక్కర్లేదమ్మా. మీ జిల్లాలోనే, సిటీకి ఆగ్నేయంగా, హాస్పిటల్ అనే ఊరు ఉంది. ఊరి పేరే హాస్పిటల్, బోర్డు పై వరుసలో కూడా అదే మాట ఐరిష్‌లో ఉంటుంది. 13వ శతాబ్దంలో నైట్స్ హాస్పిటలర్స్ అనే క్రైస్తవ యోధ సన్యాసులు అక్కడ మఠం పెట్టుకున్నారు, వాళ్ళ చర్చి గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఊరి బోర్డు పడకుండా ఆ గోడలు మాత్రం ఫోటో తీసి చూపించు.