క్లబ్బులో జాజ్ వాయిస్తుంటే నోరు మూసుకోవాలా?

మిడ్‌లాండ్స్ మావయ్య

ఇంగ్లండ్ పల్లెల్లో ఉంటున్న మనవాళ్ళకి ఒక ప్రశ్న. మా ఊరి సోషల్ క్లబ్బులో నెలకో ఆదివారం మధ్యాహ్నం జాజ్ ఉంటుంది. పియానో, బేస్, డ్రమ్స్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. శాక్సఫోనో ట్రంపెటో వాయించే అతిథి ఒకరు బయటినుంచి వస్తారు. టికెట్ లేదు. మధ్యలో బకెట్ తిప్పుతారు, రాఫెల్ (చిన్న లాటరీ) టికెట్లు అమ్ముతారు, తక్కువపడితే బార్ లాభంలోంచి కలుపుతారు.

ఈ మధ్య కమిటీ ప్రతి టేబుల్ మీదా ఒక కార్డు పెట్టింది: "వాయిస్తున్నంతసేపూ దయచేసి మాట్లాడవద్దు." బార్ దగ్గర నిలబడే పాత మెంబర్లకి ఒళ్ళు మండింది. మా క్లబ్బులో మేం మాట్లాడుకోవడానికి ఒకరి పర్మిషన్ ఏంటని గొడవ. వచ్చే జనరల్ మీటింగులో ఓటింగ్. నేను కార్డు ఉంచాలనే అంటాను. మీరేమంటారు?

తంబూరా అక్క

నేనూ మీవైపే మావయ్యగారూ. మన సభల్లో తని ఆవర్తనం మొదలవగానే సగం హాలు కాఫీకి లేస్తుంది, మృదంగం ఆయన ఖాళీ కుర్చీలకి వాయించుకుంటాడు. జాజ్‌లో ఆ గతి బేస్‌కి పట్టింది. శాక్సఫోన్ ఊదుతున్నంతసేపూ ఊరుకున్నవాళ్ళు కూడా బేస్ సోలో రాగానే "ఇంకేంటి సంగతులు" అని మొదలుపెడతారు. చెవి ఒగ్గి వినాల్సింది అప్పుడే కదా! డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి బ్రష్షులు తీసుకుంటాడు, పియానో ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు, మనిషంత ఎత్తు వాయిద్యం ఒక్కటే మిగులుతుంది.

ఇంకో మాట. వాళ్ళు కూర్చుని రిహార్సల్ చేసుకుని వచ్చినవాళ్ళు కాదు. ఏ పాట, ఏ శ్రుతి అన్నది చాలావరకు అక్కడికక్కడే. 32 బార్ల (మన ఆవర్తాల్లాంటి తాళం కొలతలు) పాట ఒక చుట్టు తిరిగితే ఒక కోరస్. ఎవరు ఎన్ని చుట్లు వాయిస్తారో ముందు తెలియదు. మళ్ళీ పల్లవి అందుకోవాలంటే ఒకాయన తన నడినెత్తి మీద వేలితో తట్టి సైగ చేస్తాడు. అంటే ఒకరినొకరు వింటేనే పాట నడుస్తుంది. పక్కనే ఫుట్‌బాల్ మీద వాదన జరుగుతుంటే ఎలా వింటారు?

డాక్టరు బాబాయ్, సౌత్ వేల్స్

అమ్మాయ్, నువ్వు చెప్పేది కచేరీ హాలు సంగతి. ఇది క్లబ్బు. రెండూ ఒకటి కావు.

వర్కింగ్ మెన్స్ క్లబ్బుల, అంటే ఇలాంటి కార్మికుల క్లబ్బుల, యూనియన్‌ని 1862లో పెట్టింది హెన్రీ సాలీ అనే మతగురువు. ఆయన మొదట్లో మందు వద్దన్నాడు. కార్మికులు వచ్చి టీ తాగుతూ నాలుగు మంచి మాటలు విని బాగుపడాలని ఆయన ఉద్దేశం. వాళ్ళు విన్నారా? కొన్నేళ్ళలోనే బీరు వచ్చింది, క్లబ్బులు నిలబడ్డాయి. ఎలా కూర్చోవాలో, ఎప్పుడు నోరు విప్పాలో పైనుంచి చెప్పేవాళ్ళంటే ఆ జనానికి మొదటినుంచీ పడదు. నేను పనిచేసిన లోయలో గనులు మూతబడ్డాక ఊళ్ళో మిగిలినవి ప్రార్థనామందిరం, క్లబ్బు. ప్రార్థనామందిరంలో ఎలాగూ మాట్లాడనివ్వరు.

పైగా చట్టం ప్రకారం ఆ బార్‌లో సరుకు మెంబర్లందరి ఉమ్మడి ఆస్తి. నీ బేస్ ఆయన కూలి డబ్బులు ఎక్కడినుంచి వస్తున్నాయి? మాట్లాడుతూ మూడు పింట్ల బీరు తాగేవాడి జేబులోంచి. నిశ్శబ్దంగా వినే పెద్దమనిషి అర గ్లాసు ఆరెంజ్ జ్యూసుతో మధ్యాహ్నమంతా గడిపేస్తాడు.

గిటారు కుర్రాడు

ఆ జ్యూసు మాట మాత్రం నిజం బాబాయ్ 😀

నేను ఇలాంటి సెషన్లలో అప్పుడప్పుడు వాయిస్తాను. మాలో చాలామందికి మాటల కంటే శ్మశాన నిశ్శబ్దం అంటేనే ఎక్కువ టెన్షన్. 1961 జూన్ 25న, ఆదివారమే, న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో పియానిస్టు బిల్ ఎవాన్స్ త్రయం వాయించింది రికార్డు చేశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గ్లాసుల చప్పుడు, కబుర్లు, ఎవరో నవ్వడం, అన్నీ ఉంటాయి. ఆ బేసిస్టు స్కాట్ లాఫారో కొద్ది రోజులకే కారు ప్రమాదంలో పోయాడు. అంతటివాడి బేస్ మీద కూడా మాట్లాడారు, అయినా అది ఇవాళ్టికీ జాజ్ నేర్చుకునేవాళ్ళకి పాఠమే.

తంబూరా అక్క

తమ్ముడూ, మాట్లాడినందువల్ల అది గొప్పదైందా, మాట్లాడినా గొప్పదైందా? చార్లెస్ మింగస్ కూడా బేసిస్టే. 1960లో ఎదుట ఒక్క శ్రోత లేని స్టూడియోలో, నైట్‌క్లబ్బులో ఉన్నట్టే ఊహించుకుని, గ్లాసుల్లో ఐసు గలగలలాడించొద్దు, క్యాష్ రిజిస్టర్ మోగించొద్దు అని చెప్పి మరీ మొదలుపెట్టాడు. ఆ మనిషి ఎంత విసిగిపోతే అలా చేసుంటాడు!

బాబాయ్ గారూ, డబ్బిచ్చేవాడిదే మాట అంటే రేపు ఆ బేస్ ఆయన్ని పెట్టె సర్దుకోమనొచ్చు కూడా. అప్పుడు టీవీ పెట్టుకోవచ్చు, ఇంకా చవక.

పాలకొల్లు పిల్ల

మీ ఇద్దరి గొడవలో మాలాంటివాళ్ళ సంగతి ఎవరూ అడగట్లేదు. నేను మెంబర్ని కాదు, పక్కింటావిడ గెస్టుల పుస్తకంలో నా పేరు రాసి లోపలికి తీసుకెళ్తుంది. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో మొదట్లో నాకు తెలిసేది కాదు. సోలో అయిపోయిన చోట కొట్టాలని ఆవిడే చెవిలో చెప్పింది. ఇప్పుడు కార్డు చూసి ఆవిడ నోరు కుట్టేసుకుంది. ఏదైనా అడగాలంటే నాకూ భయమే.

ఇంకోటి, క్లబ్బు మెంబర్లందరిదీ అన్నారు కదా డాక్టరుగారూ. ఆ యూనియన్ ఆడవాళ్ళకి సమాన హక్కులు ఇచ్చింది 2007లో. అప్పటిదాకా "అందరిదీ" అంటే ఎవరిది? పాత ఆచారం కాబట్టి వదిలేయాలంటే నేను ఒప్పుకోను. అలాగని కార్డుకీ నా ఓటు లేదు, అసలు నాకు ఓటే లేదనుకోండి.

(సందర్భం వచ్చింది కాబట్టి: మా ఊరి మాండొలిన్ శ్రీనివాస్ గారితో కలిసి వాయించిన జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పుట్టింది యార్క్‌షైర్ డాంకాస్టర్‌లో. ఇది మా పక్కింటావిడకి చెప్తే రెండు రోజులు ఊరంతా చెప్పుకుని తిరిగింది.)

గిటారు కుర్రాడు

మావయ్యా, ఓటింగ్ కంటే ముందు హాలు ఒకసారి చూడండి. బ్యాండ్‌ని ఎక్కడ కూర్చోబెడుతున్నారు? చాలా క్లబ్బుల్లో బార్ పక్కనే కూర్చోబెడతారు, ప్లగ్గులు అక్కడే ఉంటాయని. ఎదురు గోడకి మార్చి, ముందు రెండు వరుసలు వినేవాళ్ళకి వదిలేస్తే సగం తగాదా తీరుతుంది. నెమ్మది పాట వచ్చినప్పుడు బ్యాండ్ లీడరే ఒక్క మాట అడిగితే ఎవరూ కాదనరు. అచ్చేసిన కార్డు పెడితేనే రోషం వస్తుంది.

డాక్టరు బాబాయ్, సౌత్ వేల్స్

కుర్రాడు చెప్పింది బాగుంది. మావయ్యగారూ, మీ హాల్లో ఫ్రూట్ మెషిన్ (డబ్బులేసి ఆడే జూదం మెషిన్) ఉందా? ఉంటే సెషన్ జరుగుతుండగా ఆపుతున్నారా?

మిడ్‌లాండ్స్ మావయ్య

ఉంది. ఆపరు. దానిమీద క్లబ్బుకి ఆదాయం వస్తుంది. పోయినసారి సరిగ్గా బేస్ సోలోలో ఎవరికో డబ్బులు తగిలి చిల్లర గలగలా రాలింది.

డాక్టరు బాబాయ్, సౌత్ వేల్స్

మరి దానికి అంటించలేదేం కార్డు?

మిడ్‌లాండ్స్ మావయ్య

మీటింగులో అదే అడుగుతాను. సెషన్ నడిచే రెండున్నర గంటలూ మెషిన్ ప్లగ్గు పీకాలని తీర్మానం రాసుకుంటున్నాను. కార్డు సంగతి మాత్రం నాది పాత మాటే, ఉండాలి.