పురపాలక జంతు ఆశ్రయానికి ఇచ్చే విరాళం దేనికి ఖర్చవుతుంది?

ప్రశ్న (బరంపురం సభ్యురాలు):

అందరికీ నమస్కారం. మా కుటుంబం మూడు తరాలుగా ఒడిశాలోని బరంపురంలోనే ఉంటోంది. వచ్చే నెల మా అమ్మగారి సంవత్సరీకం. ఆవిడ బతికున్నన్నాళ్లూ వీధి కుక్కలకు ఒక ముద్ద పెట్టనిదే తాను భోజనానికి కూర్చునేవారు కాదు. అందుకని ఈసారి భోజనాలను దగ్గరి బంధువుల వరకే పరిమితం చేసి, మిగిలే 25,000 రూపాయలను పురపాలక సంస్థ తరఫున ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న జంతు ఆశ్రయానికి ఇద్దామని అనుకుంటున్నాను. మావారికి మాత్రం ఇది నచ్చలేదు. పన్నులు కడుతూనే ఉన్నాం, ప్రభుత్వం చేయవలసిన పనికి మళ్లీ మనం చేతి డబ్బు ఇవ్వడం ఎందుకని ఆయన అడుగుతున్నారు. నా దగ్గర సరైన సమాధానం లేదు. ఇస్తే డబ్బుగా ఇవ్వాలా, బియ్యం, మందులు కొని ఇవ్వాలా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (రాయగడ, సంస్థల లెక్కలు చూసే సభ్యుడు):

మీవారి ప్రశ్న న్యాయమైనదే. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించడం, రేబిస్ టీకాలు వేయించడం స్థానిక సంస్థ బాధ్యత. ఆ పనిని భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు పొందిన సంస్థకు అప్పగించినప్పుడు, చెల్లింపు సాధారణంగా కుక్కకు ఇంత అన్న లెక్కన జరుగుతుంది. శస్త్రచికిత్సలో తొలగించిన పునరుత్పత్తి అవయవాలను లెక్కపెట్టి, రిజిస్టరుతో సరిచూసుకున్న తరువాతనే బిల్లు కదులుతుంది.

పట్టుకురావడం, శస్త్రచికిత్స, గాయం మానేవరకు ఉంచుకోవడం, తిరిగి అదే వీధిలో వదలడం వరకు ఆ లెక్కలోకి వస్తాయి. లారీ తగిలి నడుము విరిగిన కుక్క, తల్లి చచ్చిపోయిన పసికూనలు, చూపు పోయి వీధిలో వదలడానికి వీలులేని ముసలి కుక్క మాత్రం ఏ బిల్లులోనూ కనిపించవు. కానీ అవి గేటు దగ్గరికి వస్తూనే ఉంటాయి, వాటిని తెచ్చినవారిని వెనక్కి పంపడం ఎవరివల్లా కాదు. విరాళం ముఖ్యంగా వీటికే ఖర్చవుతుంది.

పైగా 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తరలించిన కుక్కలను తిరిగి అక్కడే వదలకూడదు, ఆశ్రయాల్లో ఉంచాలి. అంతకుముందు కొద్ది రోజులు ఉండి వెళ్లిపోయే ప్రాణి ఇప్పుడు ఏళ్ల తరబడి ఉండిపోతుందంటే, తిండి, గది, మనిషి జీతం అన్నీ పెరుగుతాయని వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక మాట. దాతలు పేరు చెక్కించుకునే గదికి, అంబులెన్సుకు ముందుకొచ్చినంతగా కరెంటు బిల్లుకు ముందుకు రారు. పురపాలక బిల్లు చేతికి వచ్చేసరికి నెలలు పట్టినా, పనివాళ్ల జీతాలు, బండి డీజిలు ఆగవు. కాబట్టి మీరు ఇచ్చేది ఏ ఒక్క వస్తువుకో కట్టివేయకుండా నిర్వహణ నిధికి అని రాసి ఇవ్వండి. వీలైతే సంవత్సరీకం నాడు కొంత ఇచ్చి, మిగతాది నెలకు 2,000 చొప్పున పంపండి. పండుగ నెలలో వరదలా వచ్చి జ్యేష్ఠానికి ఎండిపోయే విరాళాలతో ఎవరూ జీతాలు ఇవ్వలేరు.

జవాబు (జయపురం, పశువైద్యుడు):

వస్తువుల సంగతి నేను చెబుతాను. పెళ్లిళ్లలో మిగిలిన పులిహోర, నూనె కారుతున్న వేపుళ్లు, ఉల్లిపాయ వేసిన కూరలు బకెట్లతో తెచ్చి పోసేవారు చాలామంది ఉన్నారు. ఉల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుందని వారికి తెలియదు. తేవాలనుకుంటే నూకలు, కోడిగుడ్లు, పాత దుప్పట్లు, గోనె సంచులు తీసుకురండి. మందులు మాత్రం అడగకుండా కొనవద్దు. రేబిస్ టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవ ఉంచాలి, కవరులో పెట్టుకుని ఎండలో తెచ్చిన సీసా మీద ఏ వైద్యుడికీ నమ్మకం ఉండదు.

డబ్బు ఎలా కరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. రెండు నెలల కుక్కపిల్ల పార్వో అనే వైరస్ వ్యాధితో వస్తుంది. రక్తం కలిసిన విరేచనాలు, ఆగని వాంతులు, చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. దానిని మిగిలిన పిల్లలకు దూరంగా వేరే గదిలో పెట్టి, ముంగాలి నరానికి సూది గుచ్చి, రోజుల తరబడి సెలైన్ ఎక్కిస్తూ, రాత్రి కూడా ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ వైరస్ మామూలు ఫినాయిలుకు లొంగదు, అందుచేత గది నేలను, గిన్నెలను బ్లీచింగు ద్రావణంతో మళ్లీ మళ్లీ కడగాలి. ఇంత చేసినా కొన్ని బతకవు. అదే పిల్లకు వేళకు టీకా వేయించి ఉంటే, ఈ ఖర్చులో చిన్న భాగంతో సరిపోయేది. నన్ను అడిగితే, విరాళంలో మొదటి వాటా టీకాలకు, ఆ తరువాతే చికిత్సకు వెళ్లాలి.

టీకాల విషయంలో దాతలు గమనించవలసినది ఇంకొకటి ఉంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందువల్ల ఊరంతా అక్కడక్కడా వేసే 200 టీకాల కంటే, ఒక వార్డును పట్టుకుని పూర్తిచేసే 200 టీకాలు మేలు. మీ వార్డులో శిబిరం పెట్టమని అడిగి చూడండి.

జవాబు (పర్లాకిమిడి సభ్యుడు):

టీకాలను చల్లగా నిలవ ఉంచే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మా గజపతి జిల్లాలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. మన తీరానికి ఇది కొత్త కాదు. ఇన్వర్టరు, పైకప్పు రేకుల మరమ్మతు, నెలకు సరిపడా నూకలు వంటివాటికి కొంత సొమ్ము విడిగా ఉంచుకునే ఆశ్రయమేనా అని అడిగి తెలుసుకోండి.

ఇక నిజాయితీ సంగతి. ఇచ్చే ముందు ఒక ఉదయం చెప్పకుండా వెళ్లి చూడండి. గోడ మీది ఫొటోలను పక్కన పెట్టి, నీళ్ల తొట్లు, రిజిస్టరు చూడండి. చచ్చిపోయిన జంతువుల సంఖ్యను కూడా రాసుకునే చోటును నేను ఎక్కువ నమ్ముతాను. పురపాలక సంస్థ ఎంత చెల్లించిందో తెలియాలంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. అర్జీ ఒడియాలో రాస్తే పని కాస్త త్వరగా అవుతుందని నా అనుభవం.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

అందరికీ ధన్యవాదాలు. మావారు ఇదంతా చదివి, టీకాల శిబిరమైతే తనకు అభ్యంతరం లేదని అన్నారు. ఇంకొక చిన్న సందేహం. రసీదు మా అమ్మగారి పేరు మీద తీసుకోవచ్చా? పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు (రాయగడ సభ్యుడు):

రసీదు డబ్బు కట్టినవారి పేరు మీదే, వారి పాన్ నంబరుతో ఉండాలి. అమ్మగారి జ్ఞాపకార్థం అని వివరాల గడిలో రాయించుకోండి. ఆశ్రయం నడిపే స్వచ్ఛంద సంస్థకు విరాళాల మీద పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు (పాత ఆదాయపు పన్ను చట్టంలో దీన్ని 80జి అనేవారు) ఉంటేనే మినహాయింపు వర్తిస్తుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినా, బియ్యం వంటి వస్తువులుగా ఇచ్చినా రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు. చెక్కు రాసేముందు ఖాతా ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకోండి. పురపాలక సంస్థ ఖాతాలో వేస్తే ఆ సొమ్ము ఏ పద్దు కింద జమ అవుతుందో రాతపూర్వకంగా తీసుకోవాలి, స్వచ్ఛంద సంస్థ ఖాతాలో వేస్తే టీకాల శిబిరానికి అని ఉత్తరం జతచేస్తే చాలు.