మానేసిన సీపాప్ మళ్లీ పెట్టుకోవాలా, బరువు తగ్గితే సరిపోతుందా?

మానేరు_గట్టు
అందరికీ నమస్కారం. మాది కరీంనగర్, వయసు 47, బరువు 92 కిలోలు. రెండేళ్ల కింద స్లీప్ స్టడీ చేయిస్తే ఏహెచ్‌ఐ 38 వచ్చింది. అంటే నిద్రలో గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందట. 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా కిందే లెక్క అన్నారు. నలభై వేల పైన పెట్టి ఆటో సీపాప్ కొన్నాం, అదే, నిద్రలో మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూసే మిషన్. కొన్ని నెలలు వాడి వదిలేశాను. ముక్కు ఎండిపోయేది, మాస్కు సందుల్లోంచి గాలి కళ్లలోకి కొట్టేది, పెట్టుకోగానే ఊపిరి ఆడనట్టు ఉండేది. మిషన్ బీరువా మీదికి ఎక్కింది. ఇప్పుడు బీపీ మాత్రలు ఒకటి కాస్తా రెండయ్యాయి, డాక్టరు గారు మళ్లీ సీపాప్ మొదలుపెట్టమంటున్నారు. మా బావమరిదేమో పది కిలోలు తగ్గితే అదే పోతుంది, ఆ గొట్టం జోలికి పోకు అంటున్నాడు. మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

రాత్రి_కాపలా
మళ్లీ పెట్టుకోండి. ఇందులో చర్చ ఏముంది? మీ బావమరిది మీ పక్కన పడుకోడు కాబట్టి అలాగే చెప్తాడు. ఒకసారి మీ ఆవిడను అడగండి.

శంఖారావం
చర్చ ఉంది మేడమ్, చాలా ఉంది. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సేవ్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 2,700 మందికి పైగా తీసుకున్నారు, మన దేశం వాళ్లూ ఉన్నారు. అందరికీ అప్పటికే గుండె జబ్బో, పక్షవాతమో వచ్చి ఉంది. కొందరికి సీపాప్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఏళ్ల తరబడి చూస్తే గుండెపోట్లలో గానీ, పక్షవాతంలో గానీ, మరణాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది నా సొంత కవిత్వం కాదు. 2025లో జైపూర్ డాక్టర్లు శంఖం ఊదే సాధన మీద చేసిన పరిశోధన కూడా అచ్చయింది. ఆరు నెలలు ఊదినవాళ్లకు పగటి మత్తు మూడో వంతు తగ్గింది. శంఖానికి కరెంటు అక్కర్లేదు, మాస్కు అక్కర్లేదు, డీలరు అసలే అక్కర్లేదు. గట్టు గారూ, మీ బావమరిది తెలివైనవాడు.

ఇన్వర్టర్_మామ
శంఖం రాత్రి ఊదాలా, పొద్దున్నా? అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, అందుకు అడుగుతున్నా.

ఈఎన్‌టీ_పీజీ
రెండు విషయాలు. శంఖం పరిశోధనలో ఉన్నది 30 మంది. వాళ్లందరిదీ మధ్యస్థ స్థాయి, అంటే ఏహెచ్‌ఐ 15 నుంచి 30 లోపు. శంఖం ఊదినవాళ్లకు ఊపిరి ఆగడాలు గంటకు నాలుగైదు తగ్గాయి. గట్టు గారి 38లోంచి అయిదు తీసేసినా తీవ్రంలోనే ఉంటారు. గొంతు కండరాలకు వ్యాయామం మంచిదే, ఊదండి, కానీ దాన్ని సీపాప్‌కు బదులు అనుకోకండి.

ఇక సేవ్ ట్రయల్. అందులో సీపాప్ ఇచ్చినవాళ్లు సగటున రాత్రికి 3.3 గంటలే పెట్టుకున్నారు. పైగా పగలు మరీ కునికిపాట్లు పడేవాళ్లను ముందే పక్కన పెట్టేశారు. అందరికీ ఒకటే తీర్పు అని అందులోంచి తీయలేం. ఆ ట్రయల్లోనే పగటి మత్తు, గురక తగ్గాయని కూడా రాశారు, ఆ ముక్క మీరు వదిలేశారు.

శంఖారావం
పీజీ బాబూ, 3.3 గంటలు అన్నారు చూశారా, నా పాయింటు మీరే చెప్పారు. ట్రయల్లో చేరి, నర్సులు ఫోన్లు చేస్తూ, అన్నీ ఉచితంగా ఇస్తుంటేనే మనుషులు మూడు గంటలు మించి పెట్టుకోలేకపోయారు. మనిషి మింగలేని మందు మంచి మందు ఎలా అవుతుంది?

రాత్రి_కాపలా
మీరు మింగరు, అంతే. ఓపిక లేదు అని సూటిగా చెప్పండి. దానికి ఇంగ్లండ్ జర్నల్ ఎందుకు?

డాలస్_బాబు
అది అమెరికా జర్నలే అండీ, బోస్టన్ నుంచి వస్తుంది. సరే, అది పక్కన పెట్టండి. ఇక్కడ మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వ ఇన్సూరెన్సు) రూలు ఏంటంటే, మొదటి మూడు నెలల్లో ఏదో ఒక 30 రోజుల పాటు, 70 శాతం రాత్రులు కనీసం నాలుగు గంటలు వాడినట్టు మిషన్‌లో రికార్డు ఉండాలి. లేకపోతే డబ్బులు ఆపేస్తారు. చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులూ ఇదే పద్ధతి. మిషన్‌లోనే మోడెమ్ ఉంటుంది, రాత్రి ఎన్నింటికి తీసి పారేశానో కంపెనీకి తెల్లారేసరికి తెలిసిపోతుంది. మా ఇంట్లో ఆరా తీసేవాళ్లలో అది రెండోది.

శంఖారావం
మన దగ్గర ఆ బాధ కూడా లేదు. ఇంట్లో వాడే సీపాప్ మిషన్‌కు ఇన్సూరెన్సు వాళ్లు మామూలుగా డబ్బులు ఇవ్వరు. కొనేది మన జేబులోంచే, మూలన పడేసినా అడిగేవాడు లేడు.

కొల్లేటి_కొంగ
బప్పి లహరి ఎలా పోయారో గుర్తుంది కదా అందరికీ. 2022లో. ఆప్నియాయే.

శంఖారావం
ఆయనకు ఛాతీ ఇన్ఫెక్షన్లు పదే పదే వచ్చాయని కూడా అప్పుడు రాశారు. ఆసుపత్రిలో ఎన్నో రోజులు ఉన్నారు. మనుషుల్ని భయపెట్టి మిషన్లు అమ్మకండి.

కొల్లేటి_కొంగ
నేను చేపలు అమ్ముతా సార్, మిషన్లు కాదు.

మానేరు_గట్టు
అన్నా, మేడమ్, మీ ఇద్దరూ కొంచెం ఆగండి. నేను అడిగింది బరువు సంగతి. పది కిలోలు తగ్గితే పోతుందా, పోదా?

ఈఎన్‌టీ_పీజీ
గట్టు గారూ, 2000లో అమెరికాలోని విస్కాన్సిన్ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. బరువు పది శాతం తగ్గితే ఏహెచ్‌ఐ సగటున 26 శాతం తగ్గినట్టు తేలింది. మీ లెక్కలో 38 కాస్తా 28 అవుతుంది. తీవ్రం నుంచి మధ్యస్థానికి దిగారు, మంచిదే, కానీ జబ్బు ఇంకా ఉన్నట్టే. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కు 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ స్థూలకాయంతో పాటు ఆప్నియా ఉన్నవాళ్లకు అనుమతి ఇచ్చింది. ట్రయల్‌లో ఏడాది వాడాక ఊపిరి ఆగడాలు గంటకు 25కు పైగా తగ్గాయి. మౌంజారో పేరుతో 2025 మార్చి నుంచి మన దగ్గరా దొరుకుతోంది. ఖర్చు ఎక్కువ, డాక్టరు చూడకుండా వేసుకునేది కాదు. అసలు సంగతి ఏంటంటే, బరువు తగ్గడానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ రాత్రులు ఎలా గడుస్తాయి? 2011లో జ్యూరిచ్ డాక్టర్లు సీపాప్ బాగా వాడుతున్నవాళ్లకు రెండు వారాలు ఆపి చూశారు. ఆప్నియా వెంటనే తిరిగొచ్చింది, పొద్దుటి బీపీ పై అంకె 8కి పైగా పెరిగింది. మీ రెండో మాత్రకు కారణం అదేనని నేను అనను, కానీ మీ డాక్టరు గారి మనసులో అదే ఉండి ఉంటుంది.

శంఖారావం
ట్రయళ్లలో సీపాప్ బీపీని తగ్గించేది సగటున రెండు మూడు పాయింట్లు. ఉప్పు తగ్గించినా అంత తగ్గుతుంది. ఇది కూడా చెప్పండి.

ఈఎన్‌టీ_పీజీ
అదీ నిజమే. సగటు అంతే.

రాత్రి_కాపలా
మళ్లీ పాయింట్లు! శంఖారావం గారూ, ఒక్క మాట అడుగుతా. మీరు ఎన్నాళ్లు వాడి మానేశారు? అసలు వాడారా? లేక యూట్యూబ్ చూసి వచ్చి మనుషులకు సలహాలు ఇస్తున్నారా? మీలాంటివాళ్ల మాటలు వినే మా ఆయన కూడా మాస్కు తీసి అవతల పారేశారు.

శంఖారావం
వాడానమ్మా. మీకంటే బాగా తెలుసు నాకు. చెప్తా వినండి. డీలరు ఇంటికి వచ్చి, డబ్బా విప్పి, మాస్కు ఒకటి మొహానికి బిగించి, ‘సార్ ఆటో సెట్టింగు, అదే చూసుకుంటుంది’ అని డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ప్రెజర్ 4 నుంచి 20 దాకా, ఫ్యాక్టరీలో ఎలా ఉందో అలాగే వదిలేశాడు. 4 దగ్గర నాలాంటి భారీ మనిషికి గాలి చాలదని నాకు ఎవరు చెప్పారు? మాస్కు పెట్టుకుంటే తల మీద దిండు వేసి నొక్కినట్టు ఉండేది. అర్ధరాత్రి అదే 15 దాటిపోయి మాస్కు బుస్సుమని లేచేది, పొట్ట నిండా గాలి. ఫోన్ చేస్తే ఎత్తడు. ఆసుపత్రికి వెళ్తే డాక్టరు మిషన్‌లో వాడకం రికార్డయ్యే నా కార్డు చూసి, బయట కూర్చున్న పది మందికీ వినబడేలా, ‘వాడకపోతే ఇంకోసారి నా దగ్గరికి రాకండి’ అన్నాడు. కార్డులో గంటలు చూశాడు తప్ప ఆ గంటల్లో ఏం జరిగిందో చూడలేదు. ఇప్పుడు మీరు ఓపిక లేదంటున్నారు. అందరూ అదే మాట. రోగిదే తప్పు. మాస్కు సైజు తప్పైనా రోగిదే తప్పు!

డాలస్_బాబు
అన్నా, అది మిషన్ తప్పు కాదు కదా, సెటప్ తప్పు.

శంఖారావం
నాకు రెండూ ఒకటే. నాకు వచ్చింది ఆ రెండూ కలిసే.

ఇన్వర్టర్_మామ
కనిష్ఠం 4 సంగతి నిజం. నాకూ అలాగే పెట్టి ఇచ్చారు. మా డాక్టరు గారు 8కి పెంచిన రాత్రే తేడా తెలిసింది. ఇంకోటి, ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు కరెంటు పోయినప్పుడు గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ వేడి ఆపేయండి, మిషన్ కంటే అదే ఎక్కువ లాగుతుంది.

రాత్రి_కాపలా
సరే, డీలరు వెధవే. ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పింది అంతా మీ సంగతే. మాస్కు మీ మొహానికి, గాలి మీ పొట్టకి, అవమానం మీకు. మరి నా సంగతి? మా ఆయన గురక పెట్టినప్పుడు నాకు భయం లేదు. గురక ఆగినప్పుడే భయం. ఆగుతుంది, నేను చీకట్లో లేచి కూర్చుంటా, భుజం పట్టి కుదపాలా వద్దా అని చూస్తుంటా, అప్పుడు గొంతులోంచి ఒక పెద్ద శబ్దంతో ఊపిరి వస్తుంది. మళ్లీ గురక. తెల్లవార్లూ ఇదే. పొద్దున్న ఆయన ‘హాయిగా పట్టింది’ అంటారు. విజయవాడ నుంచి హైదరాబాద్ కారు ఆయనే నడుపుతారు. నేను పక్కన కూర్చుని, నోరు నొప్పెట్టేదాకా మాట్లాడుతూనే ఉంటా, ఆయన కళ్లు మూసుకోకుండా. మిషన్ పెట్టుకున్న నెలల్లో నేను కార్లో నిద్రపోయా. అది మీ ట్రయల్లో ఏ గడిలో రాశారు?

కొల్లేటి_కొంగ
ఈ మాటకు జవాబు లేదు.

శంఖారావం
జవాబు ఉంది. మేడమ్, మీ బాధ నాకు అర్థమైంది. మా ఇంట్లో కూడా అంతే. మా ఆవిడ పిల్లల గదిలోకి వెళ్లిపోయింది, ఇప్పటికీ అక్కడే. కానీ నేను అడిగేది ఒకటే. నా మొహానికి ఏం కట్టుకుని పడుకోవాలో నిర్ణయించేది నేనా, నా చుట్టూ ఉన్నవాళ్లా? ఆవిడ నిద్ర కోసం, డాక్టరు కార్డు కోసం, మీరన్న ఓపిక పరీక్ష కోసం నేను పెట్టుకోవాలి. నా కోసం పెట్టుకోమని ఒక్కరూ అనలేదు.

రాత్రి_కాపలా
నిర్ణయించేది మీరే. కానీ ఒంటరిగా కాదు. కారు నడిపే మనిషికి ఆ హక్కు ఒక్కడిదే అని నేను ఒప్పుకోను. మా ఆయనకు కూడా ఇదే చెప్పా, ఆయన కూడా మీలాగే ‘నా ఒళ్లు నా ఇష్టం’ అన్నారు. అక్కడే మాకు పడలేదు. మాస్కు దగ్గర కాదు.

శంఖారావం
కారు సంగతి ఒప్పుకుంటా. నేను కారు నడపను, బస్సులో పోతా. మిగతాది ఒప్పుకోను.

ఈఎన్‌టీ_పీజీ
గట్టు గారూ, మీ ప్రశ్న మధ్యలో తప్పిపోయింది. మళ్లీ మొదలుపెట్టేముందు చేయాల్సినవి చెప్తా. పాత మిషన్ అలాగే దించి పెట్టుకోకండి. మాస్కు కుషన్ గట్టిపడిపోయి ఉంటుంది, ఫిల్టరు నల్లబడి ఉంటుంది, అవి కొత్తవి తెప్పించండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ కొన్ని పాత మోడళ్లను లోపలి ఫోమ్ పొడిగా రాలుతోందని వెనక్కి పిలిచింది, మీది ఆ మోడలేమో సీరియల్ నంబరుతో చూసుకోండి. ఎస్‌డీ కార్డు తీసి స్లీప్ డాక్టరుకు చూపించండి, కనిష్ఠ ప్రెజర్ ఎంతుందో, లీకు ఎంతుందో అందులో కనబడుతుంది. ప్రెజర్ మీరే మార్చుకోవద్దు. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గించే సెట్టింగు ఉంటుంది, అడిగి పెట్టించుకోండి. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి మందు వాడండి, ముక్కు మూసుకుని ఉంటే ఏ మాస్కూ పనిచేయదు. మొదటి కొన్ని రోజులు రాత్రి వద్దు, సాయంత్రం టీవీ చూస్తూ మేలుకునే పెట్టుకోండి. అది అలవాటయ్యాక నిద్రకు వెళ్లండి.

శంఖారావం
ఇది నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఈ చర్చలో నేను ఉండేవాణ్ణే కాదు.

రాత్రి_కాపలా
ఇప్పుడు చెప్పారుగా. మీరూ దించండి బీరువా మీదిది.

శంఖారావం
నాది బీరువా మీద లేదు మేడమ్, అమ్మేశా. సగం ధరకు.

మానేరు_గట్టు
అందరికీ థాంక్స్. కార్డు తీశాను, మిషన్‌లో కూడా చూశాను. కనిష్ఠం 4, గరిష్ఠం 20. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. పది కిలోల పని కూడా మొదలుపెడతా, బావమరిదికి కోపం రాకుండా. ఇంకొక్కటి. మా ఆవిడ ఈ చర్చ చదివి, మాస్కు లీకు నా మీసాల వల్లే అంటోంది. నిజమేనా?

ఈఎన్‌టీ_పీజీ
ముక్కు మీద కూర్చునే మాస్కుకు అడ్డమే. ముక్కు రంధ్రాల్లో కూర్చునే పిల్లో మాస్కు అడగండి, మీసానికి తక్కువ తగులుతుంది. నోరు తెరుచుకుని పడుకునే అలవాటుంటే మాత్రం అది కుదరదు.

ఇన్వర్టర్_మామ
మీసం తీయకండి గట్టు గారూ. ముందు డీలరును మార్చండి.

చర్చా_నిర్వాహకులు
డీలర్ల ఫోన్ నంబర్లు పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. శంఖం గురించి వేరే చర్చ తెరిచాం, అపార్ట్‌మెంట్ ప్రశ్న అక్కడ అడగండి.