కర్నూలు గ్యాంగ్‌స్టర్ సినిమా కొండారెడ్డి బురుజు దగ్గరే మొదలవ్వాలా?

తుంగభద్ర ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

మేము కర్నూలులో డిగ్రీ చదువుతున్నాం. ప్రాజెక్టు కింద ఒక గ్యాంగ్‌స్టర్ సినిమాకు ప్రారంభ సన్నివేశం తీయాలి. సినిమా మొత్తం అక్కర్లేదు, మొదలు మాత్రమే. రెండున్నర నిమిషాలు మించకూడదు, పేర్లు తెర మీద పడాలి, చూసినవాళ్లకు తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం కలగాలి.

జట్టు రెండుగా చీలింది. మొదటి ఆలోచన ఇది: తెల్లవారుజామున కొండారెడ్డి బురుజు, నాలుగు తెల్ల సుమోలు, ప్రాణభయంతో పరుగెత్తే ఒక మనిషి, వేటకొడవలి, బురుజు గోడ మీద రక్తం, ఆ రక్తం మీదే టైటిల్. రెండోది నాది. తొలకరి పడ్డాక తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాలు వెతుకుతారు కదా. ఒక కూలీ మనిషికి రాయి దొరుకుతుంది, అమ్ముకోవడానికి వ్యాపారి దగ్గరికి వెళ్తుంది. అంతే. కత్తి లేదు, తుపాకీ లేదు. మావాళ్లు "ఇది గ్యాంగ్‌స్టర్ సినిమానా, పాడిపంటల కార్యక్రమమా" అని నవ్వుతున్నారు. మీరేమంటారు?

రీలుపెట్టె

మీవాళ్లు నవ్వడంలో తప్పు లేదు. ఏ సినిమాకు వచ్చాడో ప్రేక్షకుడికి మొదటి నిమిషంలో తెలిసిపోవాలి. పెళ్లి భోజనానికి పిలిచి ముందు వైద్య శిబిరం పెడతామంటే ఎవరు కూర్చుంటారు?

1990 నాటి గుడ్‌ఫెల్లాస్ ఎలా మొదలవుతుందో చూడండి. రాత్రి, రోడ్డు, కారులో ముగ్గురు. ఎక్కడి నుంచో చప్పుడు. బండి ఆపి డిక్కీ తెరిస్తే లోపలి మనిషి ఇంకా బతికే ఉన్నాడు. ఒకడు కత్తితో పొడుస్తాడు, ఇంకొకడు కాలుస్తాడు. డిక్కీ మూసిన కథానాయకుడి మీద బొమ్మ ఆగిపోతుంది. చిన్నప్పటి నుంచీ తనకు గ్యాంగ్‌స్టర్ కావాలనే ఉండేదని అతని గొంతు చెబుతుంది. ఇంకేం కావాలి?

పైగా బురుజు మీ చేతిలో ఉన్న ఆస్తి. 2003లో మహేష్ బాబు సినిమా 'ఒక్కడు' వచ్చాక కర్నూలు మొహం చూడనివాళ్లు కూడా దాన్ని గుర్తుపడతారు. ఊరి పేరు తెర మీద వేయాల్సిన పనే లేదు. రెండున్నర నిమిషాల్లో అంతటి సౌకర్యాన్ని ఎవరు వదులుకుంటారు?

సి క్యాంపు వాసి

గుర్తుపడతారు సరే, ఏమని గుర్తుపడతారు? మా అబ్బాయి హైదరాబాదులో అద్దె గది కోసం తిరుగుతూ సొంత ఊరు కర్నూలు అని చెప్పగానే "బాంబులు గింబులు తెచ్చుకోవు కదా" అని ఇంటాయన నవ్వాడట. సరదాకే అన్నాడు. గది మాత్రం ఇవ్వలేదు.

ఆ బురుజు అచ్యుత దేవరాయల కాలపు కోటలో మిగిలిన ముక్క. 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఈ ఊరే. 2009 అక్టోబరు వరదలో ఇదే ఊరు మునిగి మళ్లీ లేచింది. వీటిలో దేనికీ తెల్ల సుమోకు వచ్చినంత పేరు రాలేదు. మళ్లీ మన పిల్లలే, మన బురుజు దగ్గరే, మన చేతులతోనే ఆ సుమోలు తోలాలా?

ఇంకొక సంగతి. మీరు తీయాల్సింది గ్యాంగ్‌స్టర్ సినిమా. ఫ్యాక్షన్ సినిమా కాదు. ఫ్యాక్షన్‌లో మనిషి పుట్టడమే ఒక వర్గంలో పుడతాడు. భూమి, పంచాయతీ ఎన్నిక, కాంట్రాక్టు, తాతల నాటి పగ, ఇవన్నీ వాడు ఊయలలో ఉన్నప్పుడే నెత్తిన పడతాయి. గ్యాంగ్‌స్టర్‌కు అలా ఉండదు. డబ్బు కోసం తనంతట తాను చేరతాడు, ఎదుగుతాడు, వాటా తేడా వస్తే పెంచినవాడినే లేపేస్తాడు. ఒకటి వారసత్వం, రెండోది వ్యాపారం. కొడవలి చూపించి గ్యాంగ్‌స్టర్ అంటే మీ మాస్టారే మార్కులు కోస్తారు. వజ్రాల బేరంలో కనీసం వ్యాపారం ఉంది.

రీలుపెట్టె

అన్నా, మీ అబ్బాయికి గది ఇవ్వనివాడి తప్పుకు ఈ పిల్లల సినిమా ఎందుకు జరిమానా కట్టాలి? ఫ్యాక్షన్ ఈ జిల్లాలో జరిగింది. మనుషులు పోయారు. చూపిస్తే పరువు పోతుందని దాచేస్తే పోయినవాళ్లకు మిగిలేది ఏమిటి? సిగ్గుపడి దాచుకున్న కథను రేపు బయటివాళ్లే వచ్చి తీస్తారు, అదీ తప్పుగా.

ఎర్రమట్టి

మాది దేవనకొండ మండలం. కప్పట్రాళ్ల మా మండలంలోదే. ఫ్యాక్షన్‌తో నలిగిన ఆ ఊరిని అప్పటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ దత్తత తీసుకున్నారు, పత్రికల్లో చదివే ఉంటారు. కాబట్టి ఏమీ జరగలేదని నేను అనను.

కానీ మా చిన్నతనంలో భయం కొడవలి రూపంలో రాలేదు. సాయంత్రం ఏ అరుగు మీద ఎవరు కూర్చున్నారో దూరం నుంచే చూసుకుని దారి మార్చుకునేవాళ్లం. టీ కొట్టులో అవతలి వర్గం మనిషి అడుగుపెడితే మా నాన్న సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి, డబ్బులిచ్చి, ఒక్క మాట లేకుండా లేచి వచ్చేసేవారు. ఆ మనిషి మా నాన్న వైపు చూసేవాడు కూడా కాదు. చూడాల్సిన అవసరం వాడికి లేదు. రక్తం లేకుండా చూపించాల్సింది ఏదైనా ఉంటే అది అదే. రెండు పక్షాలవారూ కొడవలి ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నారు, నాకు ఆ గ్లాసు కావాలి.

పత్తికొండ కోడలు

తమ్ముడూ, వజ్రాల పొలాల్లో తీస్తే తీయి కానీ అందరూ ఊహించుకునేలా తీయవద్దు. పలుగూ పారా పట్టుకుని తవ్వరు. తొలకరికి పై మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, జనం నడుం వంచి, కళ్లు నేల మీద పెట్టి, ఒక్కో అడుగే వేస్తారు. తుగ్గలి, మద్దికెర మండలాల పొలాల్లో జూన్ వచ్చిందంటే అనంతపురం, బళ్లారి వైపు మనుషులు కూడా కనిపిస్తారు. సద్ది మూట తెచ్చుకుని చెట్ల కింద, బడి వరండాల్లో పడుకుంటారు. విత్తనం వేసిన చేను తొక్కుతున్నారని రైతులు బోర్డులు పెట్టి కాపలా కాస్తారు.

అసలు విషయం ఇది. మంచి రాయి దొరికిన మనిషి కేక వేయదు. కొంగు ముడిలో వేసుకుని, ఏమీ దొరకనట్లే ఇంకాసేపు వెతుకుతుంది. పక్కన వెతికేవాళ్లకు తెలిస్తే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది, ఆ తర్వాత బేరం ఆమె చేతిలో ఉండదు. వ్యాపారులు నగదుతో పాటు తులాల లెక్కన బంగారమూ ఇస్తారు. ఇన్ని లక్షలు, ఇన్ని తులాలు అని ఏటా పేపర్లో వచ్చేది ఆ లెక్కే. వాళ్లంతా ఒక్కటై ధర తొక్కిపెడతారని కూడా ఎప్పటి నుంచో అంటారు. ఒకరు చెప్పిన దాని మీద ఇంకొకరు పైసా పెంచరు.

(అదే తుగ్గలి మండలంలో యర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిని చూడడానికి ఏ వానకూ ఇంత జనం రారు.)

కత్తెర బల్ల

ఎడిటింగ్ చేసి బతుకుతున్నాను కాబట్టి పని మాటలే చెబుతాను. పై అమ్మగారు రాసిన "ఇంకొకరు పైసా పెంచరు" అన్న వాక్యంలోనే మీ ప్రారంభం ఉంది. మూడు దుకాణాలు, ఒకే ధర.

మొదటి దుకాణం. వ్యాపారి ముఖం చూపించవద్దు, చేతులు చాలు. ఆమె కొంగు ముడి విప్పుతుంది. తెల్ల కాగితం మీద రాయి. ఆయన భూతద్దం పక్కనే ఉన్నా తీయడు. చీటీ మీద ఒక అంకె రాసి ముందుకు జరుపుతాడు. ఆమె తల అడ్డంగా ఊపి రాయి మళ్లీ ముడి వేసుకుంటుంది. ఆమె గడప దాటుతుంటే వెనక మసకగా ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం కనబడాలి. అంతకు మించి దాని మీద నొక్కవద్దు.

రెండో దుకాణం. ఆమె కూర్చుంటుంది, చెయ్యి కొంగు మీదికి వెళ్తుంది. ముడి విప్పకముందే అవతలి చెయ్యి చీటీ జరుపుతుంది. అదే అంకె.

మూడోది నేను చెప్పను, మీరే ఆలోచించండి. పేర్లన్నీ ఆ చీటీల మీదే పడనివ్వండి, విడిగా నల్ల తెర మీద వేసి సమయం తినవద్దు. సంగీతం వద్దు. రేకుల మీద వాన చప్పుడు విడిగా రికార్డు చేసుకుని మూడు దుకాణాల కిందా ఒకే తీరున పరవండి, అతుకులు వినబడవు. ఆమె ఎప్పుడూ తెర ఎడమ వైపు, వ్యాపారి కుడి వైపు. వాళ్లిద్దరి మధ్య ఒక గీత ఉందనుకోండి, కెమెరా ఆ గీత దాటి అవతలి పక్కకు వెళ్తే మూడు దుకాణాలు ఒకేలా ఉన్నాయన్న భావన పోతుంది.

గుడ్‌ఫెల్లాస్ చెప్పినాయనకు 1972 నాటి గాడ్‌ఫాదర్ గుర్తుచేస్తాను. అది చీకటి గదిలో ఒక తండ్రి మొరతో మొదలవుతుంది. కెమెరా నెమ్మదిగా వెనక్కి జరిగి జరిగి, వింటున్నవాడి తల వెనక భాగాన్ని ముందు చూపిస్తుంది. బయట పెళ్లి జరుగుతోంది. ఒక్క తుపాకీ పేలలేదు, అయినా ఎవరి చేతిలో ఏముందో తెలిసిపోయింది. మీ గుడ్‌ఫెల్లాస్‌లో కూడా పొడవడానికి ముందు డిక్కీలో చప్పుడు ఉంది చూశారా? మనల్ని కుర్చీలో కూర్చోబెట్టేది ఆ చప్పుడే.

రీలుపెట్టె

రెండో దుకాణం బాగుంది. కాదనను. కానీ అన్యాయపు ధర చూస్తే నాకు కోపం వస్తుంది, భయం వేయదు. రైతుబజారులో దళారీని చూసినా అదే కోపం. దళారీకీ గ్యాంగ్‌స్టర్‌కూ తేడా ఏమిటి? కాదంటే దళారీ ఊరుకుంటాడు, గ్యాంగ్‌స్టర్ ఊరుకోడు. కాదన్న మనిషికి ఏమవుతుందో మీరు చూపించనంత కాలం ఇది మార్కెట్ యార్డు మీద డాక్యుమెంటరీ. చివర ఒక్క దెబ్బ పడాలి. ఎవరికో ఒకరికి.

పత్తికొండ కోడలు

ఆ ఒక్క దెబ్బ ఎవరికి పడుతుందో నాకు తెలుసు. ఆ కూలీ మనిషికే పడుతుంది. ఆమె కింద పడుతుంది, కొంగు జారుతుంది, కెమెరా అక్కడే నిలబడుతుంది. అలాంటివి చాలా చూశాం. వద్దు.

రీలుపెట్టె

నేను ఆమెను కొట్టమనలేదమ్మా. అయితే భయం దేనితో చూపిస్తారో చెప్పండి.

ఎర్రమట్టి

ఆటోతో.

మూడో దుకాణం తీసేయండి. రెండు దుకాణాలయ్యాక ఆమె గుత్తి వెళ్లి అమ్ముకుందామని రోడ్డు మీదికి వస్తుంది. షేర్ ఆటో ఉంటుంది. "గుత్తి, గుత్తి" అని డ్రైవరే పిలుస్తుంటాడు. ఆమె ఒక కాలు లోపల పెడుతుంది. డ్రైవరు ఆమె భుజం మీదుగా ఎవరినో చూస్తాడు. ఎవరిని చూశాడో మనకు చూపించవద్దు. "చోటు లేదమ్మా" అంటాడు. వెనక సీటు మొత్తం ఖాళీ. ఆమె కాలు దించగానే ఆ ఖాళీ ఆటో వెళ్లిపోతుంది. అక్కడ టైటిల్.

కత్తెర బల్ల

అందులో ఒక్క మార్పు. డ్రైవరు చూపు ఒక్క క్షణమే ఉండాలి, ఎక్కువైతే నాటకంలా ఉంటుంది. ఖాళీ సీటు మాత్రం ఆటో కదిలేదాకా తెర మీద ఉండాలి.

లాఠీ వీధి

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. బురుజు పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఫోనుతో ఫొటో తీసుకుంటే ఎవరూ పట్టించుకోరు కానీ నటులు, లైట్లు, స్టాండు పెట్టి దిగితే అనుమతి కాగితం అడుగుతారు. రంగునీళ్లు గోడకు కొడతామంటే ఆ కాగితం అసలే రాదు. ఇక ఊరి నడిబొడ్డున, తెల్లవారుజామున, అట్ట కొడవళ్లతో నలుగురు ఒకడిని తరుముతుంటే పాలవాడు 112కు ఫోను చేయడా? అది అట్ట అని దగ్గరికి వచ్చి తడిమి చూసేదాకా పోలీసులకూ తెలియదు. ఎక్కడ తీసినా ముందు స్టేషనుకు వెళ్లి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నది రాసిచ్చి రండి.

సి క్యాంపు వాసి

ఏది తీసినా మాట తీరు జాగ్రత్త. ప్రతి వాక్యం చివర గట్టిగా "అప్పా" అని అరిస్తే సీమ మాట అయిపోదు. పత్తికొండ సంతలో ఒక పూట కూర్చుని వినండి, బేరం ఆడేవాళ్లు ఎంత మెల్లగా మాట్లాడతారో తెలుస్తుంది.

తుంగభద్ర ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. జట్టంతా కూర్చుని ఇవన్నీ చదివాం. ఆటో ఖాయమైంది. మా మామయ్య ఆటోనే, ఖర్చు డీజిల్ వరకే. బురుజు పక్షం పూర్తిగా దిగిరాలేదు, ఒక్క సుమో అయినా ఉండాలని పట్టుబట్టారు. రెండో దుకాణం బయట ఒకటి ఆపి ఉంచుతాం. దాని తలుపు తెరుచుకోదు, ఎవరూ దిగరు. వాళ్లకు అంతకంటే ఇవ్వను. దెబ్బ పడాలా వద్దా అన్నదాని మీద మాత్రం ఇంకా గొడవే. రీలుపెట్టె గారికి మా జట్టులో ఒక శిష్యుడు దొరికాడు.

ఒక్క సందేహం మిగిలింది. రాయిగా ఏం వాడాలి? గాజు ముక్క పెడితే గాజు ముక్కలాగే ఉంది.

పత్తికొండ కోడలు

గాజు వద్దు. పొలంలో దొరికే రాయి నగలో ఉన్నట్లు తళతళలాడదు, కొంచెం మసకగా, నూనె రాసినట్లు ఉంటుంది. కిరాణా కొట్టులో పటిక అడుగు, చిన్న ముక్క పగలగొట్టి అంచులు బట్టతో రుద్దు. తెల్ల కాగితం మీద మోసపోని కన్ను ఉండదు.

రీలుపెట్టె

పటిక నీళ్లకు కరుగుతుంది, మీ సన్నివేశం అంతా వానే. నాలుగైదు ముక్కలు ఒకే కొలతలో చేసుకుని పెట్టుకోండి, తడి చేతిలో పట్టుకునే షాట్లు అన్నిటికంటే చివర తీయండి. దెబ్బ సంగతి మీ శిష్యుడితో నేను విడిగా మాట్లాడతాను.