ఆర్ఎక్స్-8 రిచ్‌గా నడుస్తోంది, పి0172 కోడ్. ఇంజన్ పోయిందంటున్నారు, నిజమేనా?

తెనాలి_రోటర్ (ఇర్వింగ్, టెక్సాస్):

అందరికీ నమస్తే. నా బండి 2005 మాజ్దా ఆర్ఎక్స్-8, సిక్స్ స్పీడ్ మాన్యువల్, 91 వేల మైళ్లు. రెండేళ్ల కింద కొన్నాను. "నాలుగు డోర్లు ఉన్నాయి, ఫ్యామిలీ కారే" అని మా ఆవిడని ఒప్పించాను. వెనక డోర్లు బీరువా తలుపుల్లా ఎదురు తెరుచుకుంటాయని, ముందు డోరు తీయందే అవి రావని ఆవిడకి బండి ఇంటికొచ్చాకే తెలిసింది. ఆ లెక్క ఇంకా తేలలేదు.

సమస్య ఏంటంటే, మూడు వారాలుగా సిగ్నల్ దగ్గర ఆగితే కళ్లు మండేంత పెట్రోల్ వాసన. సైలెన్సర్ గొట్టంలో వేలు పెడితే కాటుక. గాలన్‌కి 17 మైళ్లు ఇచ్చేది, ఇప్పుడు 13. చిన్నప్పుడు మా నాన్న చేతక్ చోక్ లాగి మర్చిపోయి బజారు దాకా వెళ్లిపోయేవారు. ఆ వాసన, ఆ గొణుగుడు అచ్చం అదే. దీని ఇంజన్ రోటరీ, పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ తిరుగుతుంది. రోటరీ కొంచెం ఆయిల్ తాగుతుందని తెలుసు, కానీ ఆయిల్ కాలితే నీలం పొగ కదా. ఇది నల్లటి మసి.

చెక్ ఇంజన్ లైట్ వచ్చింది. కోడ్ పి0172, అంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువ. వేడి మీద స్టార్ట్ చేస్తే అప్పుడప్పుడు మొరాయిస్తోంది కూడా.

ఇప్పటిదాకా చేసినవి: ఆరు నెలల కింద ప్లగ్గులకి కరెంటిచ్చే నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు కొత్తవి వేశాను (కింద ఆర్ఈ7సీ-ఎల్, పైన ఆర్ఈ9బీ-టీ, తారుమారు కాలేదు, రెండుసార్లు చూశాను). ఎయిర్ ఫిల్టర్ కొత్తది, కాగితందే. మాఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచేది) దాని క్లీనర్‌తోనే కడిగాను. మార్పు లేదు.

ఒక షాపుకి తీసుకెళ్తే మామూలు పిస్టన్ ఇంజన్ల గేజ్ పెట్టి చూసి, "కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే బలం) పోయింది, వేడి మీద స్టార్ట్ అవ్వకపోవడం దాని లక్షణమే, రీబిల్డ్‌కి 6,500 డాలర్లు" అన్నారు. ఆ రాత్రి నిద్ర లేదు. పైగా వచ్చే నెలాఖరుకి రిజిస్ట్రేషన్. 2025 జనవరి నుంచి ఇక్కడ సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డాలస్ కౌంటీలో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. లైట్ వెలుగుతుంటే ఫెయిలే. ఏం చేయమంటారు?

కాజా_కాకినాడ (న్యూజెర్సీ):

కాయిల్స్ బ్రో. ఆర్ఎక్స్-8కి ఏ జబ్బు వచ్చినా ముందు కాయిల్సే. కొత్తవని నమ్మకు, చవక రకం అయితే ఆరు నెలలకే పోతాయి. టెస్ట్ సంగతి అంటావా, ముందు రోజు రాత్రి బ్యాటరీ తీసి పెట్టు, కోడ్ పోతుంది, పొద్దున్నే వెళ్లిపో.

రెంచ్_బాబాయ్ (మిషిగన్):

కాజా బాబూ, అలా చెప్పి పంపకు. బ్యాటరీ తీస్తే కోడ్‌తో పాటు మానిటర్లన్నీ (బండి తన భాగాలని తానే పరీక్షించుకున్న లెక్కలు) చెరిగిపోతాయి. టెస్ట్ మెషీన్ అది వెంటనే పట్టేస్తుంది. టెక్సాస్‌లో 2001 నుంచి వచ్చిన బండ్లకి ఒక్క మానిటర్ 'రెడీ' కాకపోతే క్షమిస్తారు, రెండు అయితే వెనక్కి పంపుతారు.

కాయిల్ కూడా కాదనే నా అనుమానం. కాయిల్ బలహీనమై మంట అంటుకోకపోతే పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికి పోతుంది. సైలెన్సర్ గొట్టంలోని సెన్సర్ చూసేది ఆ ఆక్సిజన్నే. "గాలి ఎక్కువైంది" అనుకుని కంప్యూటర్ ఇంకా పెట్రోల్ పోస్తుంది. అప్పుడు ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, కోసిందో చెప్పే అంకె) ప్లస్‌లోకి పోవాలి. ఈ తమ్ముడికొచ్చిన పి0172 దానికి సరిగ్గా ఎదురు. కంప్యూటర్ ఎంత కోసినా ఇంకా పెట్రోల్ మిగిలిపోతోంది అని.

తమ్ముడూ, నీ షాపు వాళ్ల మాట పక్కన పెట్టు. రోటర్‌కి మూడు ముఖాలు. మామూలు గేజ్ ఆ మూడింట్లో బలమైనదాని అంకె పట్టుకుని కూర్చుంటుంది, బలహీనమైనది ఎంతో చెప్పదు. రోటరీ టెస్టర్ ఒక్కో ముఖాన్నీ విడిగా చూపించి, 250 ఆర్పీఎంకి లెక్క సరిచేసి చెబుతుంది. అప్పుడు చదరపు సెంటీమీటరుకి 8.5 కేజీలు వస్తే కొత్తదానితో సమానం, 6.9కి దిగితే ఇంజన్ దింపాలి. ఆ టెస్ట్ లేకుండా 6,500 అన్నవాడికి నమస్కారం పెట్టి వచ్చేయడమే.

అయితే వేడి మీద మొరాయించడం కంప్రెషన్ లక్షణమే, అందులో వాళ్ల తప్పు లేదు. అందుకే రెండు సంగతులు అడుగుతున్నా.

ఒకటి, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ నేర్చుకుని గుర్తుపెట్టుకున్న సవరణ) ఐడిల్‌లో ఎంత, 3,000 ఆర్పీఎం దగ్గర ఎంత? విడివిడిగా రాయి, సగటు వద్దు. రెండు, వేడి మీద ప్రతిసారీ మొరాయిస్తోందా, లేక పెట్రోల్ కొట్టించాకేనా?

నేనూ ఒకప్పుడు 1993 ఆర్ఎక్స్-7 పెట్టుకుని ఇలాగే నల్లపొగలో తిరిగాను. ప్రెషర్ సెన్సర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం చిట్లింది, అంతే. ఆ బండి మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో ఒత్తిడి) చూసి పెట్రోల్ పోస్తుంది కాబట్టి గొట్టంలో వాక్యూమ్ కనపడకపోతే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారనుకుంటుంది. నీ ఆర్ఎక్స్-8 అలా కాదు, మాఫ్‌తో గాలిని కొలుస్తుంది. అందుకని ఆర్ఎక్స్-7 వాళ్ల సలహాలు (నావి కూడా) చదివి గొట్టాలన్నీ పీకకు.

తెనాలి_రోటర్:

బాబాయ్, మీరు బంకులో నా వెనక నిలబడి చూశారా ఏంటి?

బ్లూటూత్ స్కానర్ పెట్టి చూశాను. ఐడిల్‌లో మైనస్ 21, 3,000 దగ్గర మైనస్ 4. పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూసినా అదే.

మొరాయింపు సంగతి: ఆఫీసు నుంచి ఇండియన్ స్టోర్‌కి వెళ్లి పావుగంటలో తిరిగొస్తే హాయిగా స్టార్ట్ అవుతుంది. పెట్రోల్ కొట్టించాక మాత్రం తిప్పగా తిప్పగా గానీ అంటుకోదు. మొన్న శనివారం వేర్‌హౌస్ స్టోర్ బంకులో వెనక ఆరు బండ్లు హారన్ కొడుతుంటే చెమటలు పట్టేశాయి. బంకుకి ఎప్పుడూ దారిలోనే, ఇంజన్ వేడిగా ఉండగానే వెళ్తాను కాబట్టి "వేడి మీద" అనుకున్నాను, పెట్రోల్ సంగతి తట్టలేదు.

రెంచ్_బాబాయ్:

అయితే ఇంజన్ జోలికి పోకు.

గ్లాసు మజ్జిగలో చెంచా ఉప్పు వేస్తే నోట్లో పెట్టుకోలేం. అదే చెంచా కుండ మజ్జిగలో వేస్తే తెలియదు. నీ ఇంజన్‌లోకి ఎక్కడి నుంచో ఎప్పుడూ ఒకే కొలత పెట్రోల్ అదనంగా వస్తోంది. ఐడిల్‌లో గాలి గ్లాసెడు, అందుకే మైనస్ 21. 3,000 దగ్గర గాలి కుండెడు, అందుకే 4. మాఫ్ తప్పు చెబుతున్నా, పంపు ప్రెషర్ ఎక్కువైనా, గాలితో పాటు పెట్రోల్ తప్పు కూడా పెరిగేది.

అలా ఒకే కొలతలో కారేవి ముఖ్యంగా రెండు. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, లేదా పర్జ్ వాల్వ్. ట్యాంకులో ఆవిరి బొగ్గు డబ్బాలో, అదే చార్‌కోల్ కానిస్టర్‌లో దాక్కుంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు కంప్యూటర్ పర్జ్ వాల్వ్ తెరిచి కొంచెం కొంచెంగా పీల్పిస్తుంది. వాల్వ్ తెరిచి ఇరుక్కుపోతే ఎప్పుడూ పీలుస్తూనే ఉంటుంది. ట్యాంకు నింపినప్పుడు లోపలి ఆవిరంతా డబ్బాలోకి, అక్కడి నుంచి ఇంటేక్‌లోకి. అందుకే బంకులో నీ బండికి మూర్ఛ. ఇంజెక్టర్ కారితే బంకుతో పని లేదు, ఎక్కడ ఆపినా మొరాయించాలి.

చూడటం తేలిక. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో పెట్టి, పర్జ్ వాల్వ్ కరెంటు కనెక్టర్ తీసెయ్. కరెంటు లేకపోతే ఆ వాల్వ్ మూసుకోవాలి. కానిస్టర్ నుంచి వచ్చే గొట్టం పీకి, వాల్వ్ మూతి మీద వేలు పెట్టు. వేలిని లాగితే దొంగ దొరికినట్టే. ఆ మూతి మూసి ట్రిమ్ చూడు.

బంకులో మళ్లీ మొరాయిస్తే ఊరికే తిప్పకు, ప్లగ్గులు తడిసిపోతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి తిప్పితే పెట్రోల్ ఆగుతుంది, గాలే పోతుంది. అంటుకోగానే కాలు తీసెయ్.

ఇంకో ప్రశ్న, సిగ్గుపడకుండా చెప్పు. పంపు టక్‌మని ఆగాక కూడా కొట్టిస్తావా?

తెనాలి_రోటర్:

కొట్టిస్తాను బాబాయ్. రౌండ్ ఫిగర్ కోసం. 37.60 దగ్గర ఆగితే 40 చేయకుండా నాజిల్ తీయలేను. తెనాలి బంకులో నాన్న వెనక కూర్చుని నేర్చుకున్న అలవాటు, మీటర్ మీద చిల్లర ఉంటే ఏదో బాకీ ఉన్నట్టు అనిపిస్తుంది.

మా అపార్ట్‌మెంట్‌లో బండి విప్పితే నోటీసు ఇస్తారు. ఆదివారం ఫ్రిస్కోలో మా బావమరిది గరాజ్‌కి వెళ్తున్నా.

తెనాలి_రోటర్ (ఆదివారం రాత్రి):

కనెక్టర్ తీసేసి వేలు పెట్టాను. లాగింది, గట్టిగానే. మూతి మూయగానే షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సవరణ) ఒక్కసారిగా ప్లస్ 17కి ఎగిరింది. కంప్యూటర్ ఇంకా పాత లెక్క ప్రకారం 21 శాతం కోస్తోంది కదా, ఇప్పుడు పెట్రోల్ చాలక అరుస్తోంది! నాకు మాత్రం ఈల వేయాలనిపించింది.

వాల్వ్ విప్పి అరచేతిలో తట్టితే నల్లటి పలుకులు రాలాయి. మా తాతయ్య బొగ్గు పళ్లపొడి గుర్తొచ్చింది. కానిస్టర్‌లోని బొగ్గే. పెట్రోల్ లోపలికి పోయి తడిసి, నలిగి, వాల్వ్ నోట్లో ఇరుక్కుంది. నా రౌండ్ ఫిగర్ పుణ్యం. కొత్త వాల్వ్ 62 డాలర్లు, ఇరవై నిమిషాల పని. అందులో పదిహేను నిమిషాలు కింద పడిన క్లిప్ వెతకడానికి.

బాబాయ్, కానిస్టర్ కూడా మార్చాలా?

రెంచ్_బాబాయ్:

శభాష్. పలుకులు వచ్చాయంటే డబ్బా లోపల చిల్లు పడినట్టే. కొన్నాళ్లకి కొత్త వాల్వ్‌లోకీ వస్తాయి. ఇప్పుడు కాకపోయినా టెస్ట్ అయ్యాక మార్చు.

దానికన్నా ముందు ఆయిల్ మార్చు, ఈ వారమే. డిప్‌స్టిక్ వాసన చూడు, పెట్రోల్ కంపు కొడుతుంది. మూడు వారాలు అంత కారితే ఆయిల్ పలచబడుతుంది. మన ఇంజన్‌లో అదే ఆయిల్‌ని లోపల రోటర్ కొసల్లో ఉండే అపెక్స్ సీల్స్ మీదికి చిమ్ముతుంది కాబట్టి ఇంకా ప్రమాదం. కోడ్ తుడిచేసి వారం పది రోజులు మామూలుగా తిప్పు, మానిటర్లు వాటంతట అవే వస్తాయి. ఆవిరి మానిటర్ ఆలస్యం చేస్తుంది, ట్యాంకు సగం దగ్గర ఉంచు.

తెనాలి_రోటర్ (పదకొండు రోజుల తర్వాత):

ఐడిల్‌లో మైనస్ 3, 3,000 దగ్గర మైనస్ 2. వాసన పోయింది. మైలేజీ 17. ఆవిరి మానిటర్ ఒక్కటే రాలేదు, అయినా టెస్ట్ పాస్ చేశారు. నిన్న బంకులో 38.41 దగ్గర టక్‌మంది. వదిలేశాను, చెయ్యి వణికింది గానీ వదిలేశాను.

కాజా_కాకినాడ:

నేనూ రౌండ్ ఫిగర్ వాణ్ణే. రేపు పొద్దున కనెక్టర్ తీసి వేలు పెట్టి చూస్తా. బాబాయ్, నా 2004 ఆర్ఎక్స్-8కి కూడా వాల్వ్ అక్కడే ఉంటుందా?